పదిహేను పైసల కార్డు మీద ఒక్క మాట

టెక్కలి అని ఎవరైనా అంటే చాలు, 532201 అని పిన్‌కోడ్ నా చెయ్యి దానంతటదే రాసేస్తుంది. పలాస 532221. నరసన్నపేట 532421. ఆమదాలవలస 532185. రాజాం 532127. వీటిని నేను బట్టీ పట్టలేదు. ఏళ్ల తరబడి నెలనెలా పోస్టు కార్డుల మీద రాసీ రాసీ వేళ్లకి అంటుకుపోయాయి. రాజాం ఇప్పుడు మా శ్రీకాకుళం జిల్లాలో లేదు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు విజయనగరం వైపు వెళ్లిపోయింది. అయినా నా లెక్కలో రాజాం వాళ్లు ఎప్పటికీ మా వాళ్లే.

మొన్నీమధ్య మా రచయితల సంఘంలో కొత్తగా చేరిన అమ్మాయి ఒకామె అడిగింది. "మేడమ్, ముప్పై ఏళ్లుగా ఈ పనులన్నీ చేస్తున్నారు కదా, మీకేం వచ్చింది?" అని. తెలుసుకోవాలనే అడిగింది, ఎత్తిపొడుపు లేదు. ఆ పూట సరైన జవాబు చెప్పలేకపోయాను. రాత్రి పడుకున్నాక ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు ఇక్కడ రాస్తున్నాను.

1994 జనవరి. అప్పటికి నా డిగ్రీ అయి ఏడాదిన్నర. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. జీతం 450 రూపాయలు. నోట్‌బుక్ వెనక పేజీల్లో కవితలు రాసుకుని ఎవరికీ చూపించకుండా దాచుకునేదాన్ని. ఆ నెల మొదట్లోనే కథకుడు చాసో (చాగంటి సోమయాజులు) గారు పోయారు. ఆయన విజయనగరంలో ఉండి పేరు తెచ్చుకున్నా, పుట్టింది మా శ్రీకాకుళంలోనే. ఆయన కథల మీద గ్రంథాలయం హాల్లో సభ ఉందని నాన్న ఎక్కడో విని, "వస్తావా అమ్మా?" అని అడిగారు. నాన్న సైకిల్ వెనక కూర్చుని వెళ్లాను.

హాల్లో పాతిక మంది ఉంటారేమో. మైకు లేదు. ఒక పెద్దాయన నిలబడి కథ గురించి మాట్లాడుతుంటే చివరి వరసలో ఉన్న నాకు ప్రతి అక్షరమూ వినపడింది. ఎవరూ కదల్లేదు. ఒక కథ గురించి గంటన్నర మాట్లాడుకోవచ్చని, మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్లు తుడుచుకోవచ్చని నాకు అంతవరకూ తెలియదు. సభ అయ్యాక నాన్న నన్ను రచయితల సంఘం కార్యదర్శి గారి దగ్గరకి తీసుకెళ్లి, "మా అమ్మాయి కవితలు రాస్తుందండి" అన్నారు. సిగ్గుతో తల దించుకున్నాను.

ఆయన రిటైరైన తెలుగు మేస్టారు. పొందూరు ఖద్దరు లాల్చీ, భుజానికి గుడ్డ సంచి. "దస్తూరీ ఎలా ఉంటుంది అమ్మాయీ?" అని అడిగారు. బాగుంటుందని నాన్నే చెప్పారు. మేస్టారు సంచిలోంచి ఒక కార్డుల కట్ట, అట్ట నలిగిన చిరునామాల పుస్తకం తీసి నా చేతిలో పెట్టారు. "వచ్చే నెల రెండో ఆదివారం సమావేశం. అరవై మంది. శుక్రవారానికల్లా డబ్బాలో పడాలి" అన్నారు.

కవిత చదవమంటారని ఆశపడి వెళ్లినదాన్ని. కార్డుల కట్ట పట్టుకుని ఇంటికొస్తుంటే మనసు చిన్నబోయింది. ఆ మాట దాచుకోను.

అప్పుడు కార్డు పదిహేను పైసలు. అరవై కార్డులు తొమ్మిది రూపాయలు. అచ్చు వేయించే స్తోమత సంఘానికి లేదు, కాబట్టి అన్నీ చేత్తోనే రాయాలి. మొదటి నెల అరవై కార్డుల మీదా ఒకే మాటలు రాశాను. తేదీ, చోటు, సమయం, "తప్పక రాగలరు". పోస్టు చేసే ముందు మేస్టారికి చూపించాను. అన్నీ తిరగేసి, "బాగా రాశావు. అయితే కింద ఇంత ఖాళీ వదిలేశావేమమ్మా?" అన్నారు. నాకు అర్థం కాలేదు. "తేదీ రాస్తే నోటీసు అవుతుంది. దాని కింద ఆ మనిషికని ఒక్క మాట రాశావంటే ఉత్తరం అవుతుంది. నోటీసు చూసి ఎవరు బస్సెక్కుతారు?" అన్నారు.

ఆ మనుషులెవరో నాకు తెలియదు కదా అన్నాను. ఆయన కుర్చీ దగ్గరకి లాక్కుని ఒక్కొక్క పేరే చెప్పడం మొదలుపెట్టారు. టెక్కలి ఆయన భార్యకి ఆపరేషన్ అయింది, ఆవిడ ఎలా ఉన్నారని అడుగు. ఆమదాలవలస కుర్రాడి కవిత పోయిన వారం పత్రికలో వచ్చింది, చదివామని రాయి. పాతపట్నం ఆయన ఆరు నెలలుగా రావడం లేదు, కుర్చీ ఖాళీగా ఉందని రాయి. రాత్రి తొమ్మిదిన్నర దాకా చెప్పారు, నేను రాసుకున్నాను. మేస్టారి భార్య మధ్యలో వచ్చి ఇద్దరికీ ఉప్మా పెట్టి వెళ్లారు. పాతపట్నం ఆయన ఆ నెల వచ్చారు. తలుపు దగ్గర నిలబడి, "నా కుర్చీ ఏదమ్మా?" అని అడిగారు. జేబులోంచి కార్డు తీసి చూపించారు. అది నేను రాసిన కార్డు. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం తర్వాత నా సొంత కవిత అచ్చయినప్పుడు కూడా కలగలేదు.

అలా మొదలైంది. తర్వాత ఒక్కొక్క పనీ చేతికొచ్చింది. రెండో ఆదివారం నాలుగు గంటలకి సమావేశం అంటే నేను మూడింటికే వెళ్లి హాలు ఊడ్చి, ఇనప కుర్చీలు వేసి, కూజాలో నీళ్లు నింపేదాన్ని. ఎదురు బడ్డీ నుంచి ఫ్లాస్కులో టీ, ఒక మారీ బిస్కెట్ల పొట్లం. సభ్యుల చందా నెలకి ఐదు రూపాయలు. ఇవ్వగలిగినవాళ్లు ఇచ్చేవాళ్లు, ఇవ్వలేనివాళ్లని ఎవరూ అడిగేవాళ్లు కాదు. కరెంటు పోతే కొవ్వొత్తులు. కొవ్వొత్తి వెలుగులో కథ చదివితే వినేవాళ్లు ఇంకాస్త దగ్గరగా జరుగుతారు. ఆ రోజుల్లో కరెంటు పోవడం నాకు ఇష్టంగానే ఉండేది.

మినిట్స్ పుస్తకం కూడా నాకే ఇచ్చారు. ఎవరు ఏం చదివారు, ఎవరేమన్నారు అన్నీ అందులో రాయాలి. మా సమావేశాల్లో ఒక పద్ధతి ఉండేది, ఇప్పటికీ ఉంది. కథ చదివినవాళ్లు అందరూ మాట్లాడేదాకా నోరు తెరవకూడదు. "నా ఉద్దేశం అది కాదండీ" అనడానికి వీల్లేదు. చివర్లో ఐదు నిమిషాలు వాళ్లవి. ఈ పద్ధతి కొందరికి కష్టంగా ఉండేది. ఒకరిద్దరు కోపంగా లేచి వెళ్లిపోయారు కూడా. అది రాసే మనిషికి చేసే పెద్ద మేలు అని నా గట్టి నమ్మకం. కథ పత్రికలో పడ్డాక పాఠకుడి ఇంటికి వెళ్లి మనం వివరించలేం కదా. నేను పుస్తకంలో రాయాలి కాబట్టి ప్రతివాళ్ల మాటా శ్రద్ధగా వినాల్సి వచ్చేది. నాకు నచ్చని మాట కూడా తు.చ. తప్పకుండా రాయాలి. రాస్తుంటే అందులో కొంత నిజం కనిపించేది. నా కవితల్ని నేనే ఎలా చూసుకోవాలో ఆ పుస్తకం వల్లే నేర్చుకున్నాను.

ఇవన్నీ ఒక ఎత్తు, 1995లో చేసిన పని ఒక్కటీ ఒక ఎత్తు.

నరసన్నపేట దాటాక లోపలి పల్లె నుంచి ఒక రిటైరైన హెడ్మాస్టారు వచ్చేవారు. డెబ్బై దాటాయి. బస్సు దిగి గొడుగు ఊతగా నడిచి వచ్చేవారు. చేతులు వణికేవి. ఆయన రాసిన అక్షరాలు ఆయన తప్ప ఎవరూ చదవలేరు. పత్రికకి పంపాలంటే అరఠావు కాగితాల మీద, ఒకవైపే, ఎడమ పక్క మార్జిన్ వదిలి, శుభ్రంగా రాసి పంపాలి. "ఇది నా సొంత రచన, అనువాదం కాదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు" అని హామీ పత్రం, తిరుగు టపాకి స్టాంపులు అంటించిన కవరు జతచేయాలి. ఈ పనంతా ఆయన చేసుకోలేక కథలన్నీ ట్రంకు పెట్టెలో పెట్టేశారు. నేను ఫెయిర్ చేస్తానన్నాను. అడక్కుండానే అన్నాను.

మొదటి కథ ఒక చెరువు గట్టు మీద గుడిసె వేసుకున్న ముసలావిడది. అక్షరాలు పట్టుకోవడానికే వారం పట్టింది. దీపం దగ్గర పెట్టుకుని కూడబలుక్కుంటూ పద్దెనిమిది పేజీలు రాశాను. రాస్తూ నాకు తోచిన చోటల్లా బాగుచేశాను కూడా. అందులో ముసలావిడ "ఈ గట్టు ఒగ్గేసి నానెక్కడికెల్తాను" అంటుంది. నేను "ఈ గట్టు వదిలేసి నేనెక్కడికి వెళ్తాను" అని రాశాను. ఆయనకి ఉపకారం చేస్తున్నాననే అనుకున్నాను.

తర్వాతి ఆదివారం ఆయన వచ్చి, కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివారు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "దస్తూరీ ముత్యాలేనమ్మా. కానీ ఈవిడెవరు? మా గట్టు మీదావిడ కాదే. పట్నం నుంచి ఎవరో వచ్చి ఆవిడ గుడిసెలో కూర్చున్నట్టుంది" అన్నారు.

ఆ మాటలో కోపం లేదు. అందుకే అంతగా తగిలింది. అంతకుముందు ఏడాదే ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతికి పటానికి దండ వేసింది నేనే. పంతులు గారు 1863లో మా శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. మనుషులు మాట్లాడుకునే తెలుగే పుస్తకాల్లో ఉండాలని జీవితమంతా పోరాడారు. సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశారు. ఇదంతా ఆ రోజు సభలో మినిట్స్‌లో రాసుకున్నదాన్నే. నా ఇంట్లో మా నాయనమ్మ రోజూ "ఒగ్గేయ్" అనే అంటుంది. అయినా కాగితం మీద ఆ మాట కనపడగానే తప్పు అనుకుని దిద్దేశాను. నాయనమ్మ మాట తప్పని నాకు ఎవరు నేర్పారో, ఎప్పుడు నేర్పారో తెలియదు.

పద్దెనిమిది పేజీలూ మళ్లీ రాశాను. ఈసారి ఒక్కొక్క వాక్యం రాసే ముందు నాయనమ్మ గొంతుతో పైకి చదువుకున్నాను. వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ముసలావిడ ఎక్కడ మాట మింగేస్తుందో అప్పుడు తెలిసింది. నాయనమ్మ పక్కన కూర్చుని వింటూ, "ఎవులే ఈవిడ? నానెరుగుదునా?" అని అడిగింది. ఇక ఫరవాలేదని అర్థమైంది.

కథ మూడు సార్లు తిరిగొచ్చింది. ప్రతిసారీ కవరు మార్చి మరో చోటికి పంపాం. 1996లో అచ్చయింది. ఒక మధ్యాహ్నం మా స్కూలు గేటు దగ్గర ఆయన గొడుగుతో నిలబడి ఉన్నారు. పత్రిక చూపించారు. పారితోషికం మనియార్డరు నూట యాభై రూపాయలు వచ్చిందట. డెబ్బై రెండేళ్ల మనిషి, మొదటి మనియార్డరు అందుకున్న సంతోషంలో ఎండలో బస్సు మారి వచ్చారు. "నీకేం తేవాలో తెలీలేదమ్మా" అంటూ పురికొసతో కట్టిన పొట్లం నా చేతిలో పెట్టారు. విప్పితే నూరు పోస్టు కార్డులు. ఆ డబ్బులోంచి పదిహేను రూపాయలు పెట్టి పోస్టాఫీసులో కొన్నారు.

అందులో పది కార్డులు వాడకుండా దాచాను. ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి.

1997లో కార్డు పావలా అయింది. అరవై కార్డులకి పదిహేను రూపాయలంటే సంఘానికి భారమే. ఇద్దరు ముగ్గురు సభ్యులు ఎవరి కార్డు ఖర్చు వాళ్లే పెట్టుకుంటామన్నారు. ఆ ఏడాదే, ఫిబ్రవరి 22న, మా ఊళ్లో కథానిలయం తెరిచారు. కాళీపట్నం రామారావు మేస్టారు తన పుస్తకాలు, పురస్కారాలుగా వచ్చిన డబ్బు అన్నీ దానికే పెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక్కచోట దొరకాలన్నది ఆయన తపన. మేము మాకు చేతనైంది చేశాం. సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగి, అటకల మీద పడి ఉన్న పాత వారపత్రికలు, మాసపత్రికలు అడిగి తెచ్చాం. దుమ్ముకి వారం రోజులు తుమ్ములే. చెదలు తిన్నవి, అట్టలు పోయినవి, మధ్య పేజీలు చింపి పిల్లలు పడవలు చేసుకున్నవి అన్నీ తెచ్చి, ఎండలో ఆరబెట్టి, ఏడాది ప్రకారం కట్టలు కట్టి రిక్షాలో వేసుకుని విశాఖ కాలనీలోని కథానిలయానికి తీసుకెళ్లి ఇచ్చాం. ఒక ఇంట్లో ఆవిడ తన అత్తగారు కుట్టించి పెట్టుకున్న సీరియల్ సంపుటాలు ఇస్తూ, "జాగ్రత్తగా చూసుకోమనండి" అంటూ పిల్లని అప్పగించినట్టు అప్పగించింది.

మా హెడ్మాస్టారు 2001లో పోయారు. ఆ తర్వాత ఎప్పుడో ఒక పని మీద కథానిలయానికి వెళ్లినప్పుడు, 1996 సంచికలు వెతుక్కుంటూ వెళ్లి ఆ పత్రిక తీశాను. కథ ఉంది. "ఈ గట్టు ఒగ్గేసి నానెక్కడికెల్తాను." అచ్చులో అలాగే ఉంది. అక్కడే బల్ల దగ్గర కూర్చుని మొత్తం చదివి, మళ్లీ ఉన్నచోటే పెట్టి వచ్చాను.

నా వల్ల జరిగిన తప్పు ఒకటి కూడా చెప్పాలి. 1999, ప్రమాది నామ ఉగాది. కవి సమ్మేళనం, దానితో పాటు సభ్యుల కవితలతో చిన్న సంచిక. మూడు వందల కాపీలు. ప్రూఫులు నేనే చూశాను. పండగ ముందు రోజు సాయంత్రం కట్టలు వచ్చాక చూస్తే, పలాసలో జీడిపప్పు పనికి వెళ్లే ఒకామె కవిత మొత్తానికే లేదు. కాగితం నా ఫైల్లోనే ఉండిపోయింది. తన పేరు మొదటిసారి అచ్చులో చూసుకుంటానని ఆవిడ పిల్లాణ్ణి వెంటబెట్టుకుని పొద్దున్న పాసింజరు రైల్లో వస్తానని కార్డు రాసింది. నాకు కాళ్లు చేతులు ఆడలేదు. మేస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. "ప్రెస్సు ఇంకా మూసి ఉండరు, పద" అన్నారు. ఆ కవిత ఒక్కటీ చిన్న కాగితం మీద మూడు వందలు వేయించాం. మేస్టారి ఇంట్లో మైదా జిగురు కాచి, తొమ్మిది మంది కూర్చుని, మొదటి పేజీకి ముందు ఒక్కొక్కటీ అంటించాం. తెల్లవారుజామున మూడున్నర అయింది. టెక్కలి ఆయన, పాతపట్నం ఆయన కూడా ఉన్నారు. మేస్టారి భార్య మూడు సార్లు టీ పెట్టారు. పొద్దున్న ఆవిడ వచ్చి పుస్తకం తెరిస్తే అన్నిటికంటే ముందు ఆవిడ కవితే ఉంది. నేను జరిగింది చెప్పేశాను, క్షమించమన్నాను. ఆవిడ ఆ కాగితం అంచు వేలితో తడిమి, ఇంకా తడిగా ఉందని నవ్వింది. ఉగాది పచ్చడి ఆ ఏడాది ఎంత రుచిగా ఉందో!

తర్వాత పెళ్లి, పిల్లలు, ప్రభుత్వ ఉద్యోగం. బదిలీలు అయినా జిల్లా దాటలేదు. కొన్నేళ్లు సమావేశాలకి చంకలో పిల్లతో వెళ్లాను. మేస్టారు పోయాక చిరునామాల పుస్తకం నాకే మిగిలింది. కార్డు యాభై పైసలు అయింది, ఫోన్లు వచ్చాయి, ఇప్పుడు వాట్సాప్ గ్రూపు ఉంది. గ్రూపులో నోటీసు పెడతాను. తర్వాత ఒక్కొక్కళ్లకీ విడిగా ఒక్క మాట రాస్తాను. పెద్దవాళ్లు పదకొండు మందికి ఇప్పటికీ కార్డే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా తీరాన్ని తాకింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. సంఘం తరఫున బియ్యం, దుప్పట్లు, కొవ్వొత్తులు పట్టుకెళ్లాం. నెల తర్వాత అక్కడి బడిలో పనిచేసే మా సభ్యుడు ఒకాయన పిలిచారు. పిల్లలు దిగులుగా ఉంటున్నారు, ఏదైనా రాయించండి అన్నారు. నలుగురం వెళ్లాం. తుపాను గురించి రాయమని చెప్పలేదు. మీ ఇంటి చుట్టూ ఏముండేదో రాయండి అన్నాను. ఎనిమిదో తరగతి కుర్రాడు ఒకడు కథా రాయలేదు, కవితా రాయలేదు. వాళ్ల పెరట్లో పడిపోయిన కొబ్బరి చెట్లన్నిటినీ వరసగా రాశాడు. "నూతి దగ్గరది. తాతయ్య పాతింది. అక్క పెళ్లికి బొండాలు ఇచ్చింది. పిడుగు పడినా బతికింది. నేను ఎక్కడం నేర్చుకున్నది." అలా నలభై మూడు చెట్లు. ఒక్కదానికి ఒక్క మాట.

చదువుతూ బడి వరండాలో కూర్చుండిపోయాను. నా ముందు మేస్టారు కుర్చీ లాక్కుని అరవై పేర్లు చెబుతున్నట్టే అనిపించింది. ఆ కాగితాలు ఫెయిర్ చేసి ఇస్తానని కుర్రాణ్ణి అడిగాను. ఒక్క అక్షరం దిద్దకుండా రాశాను. ఆ పై నెల నుంచి వాడికి కార్డు వెళ్లడం మొదలైంది.

వాడిప్పుడు డిగ్రీ ఆఖరి సంవత్సరం. కథలు రాస్తున్నాడు. మొదటి కథ ఈ రెండో ఆదివారం చదువుతానని ఫోన్ చేశాడు. టెన్షన్‌గా ఉంది మేడమ్ అన్నాడు. అందరూ మాట్లాడేదాకా నోరు తెరవకూడదని గుర్తుచేశాను. వాట్సాప్‌లో నోటీసు వెళ్లింది, అయినా బీరువాలోంచి ఆ పది కార్డుల్లో ఒకటి తీశాను. పదిహేను పైసల కార్డు, పైన లోటుకి స్టాంపు అంటించాను. కింద ఖాళీలో, "నీ కుర్చీ ముందు వరసలో వేస్తాను" అని రాసి పోస్టు డబ్బాలో వేశాను.

రేపే ఆదివారం. ఫ్లాస్కు కడిగి బోర్లించాను.